సిస్టరక్క

సోలాపూర్ తూర్పు పేటల్లో గల్లీకొక గుడి ఉంటుంది, గల్లీకొక చాయ్ హోటలు ఉంటుంది, గల్లీకొక రిటైరైన నర్సు ఉంటుంది. రాత్రి పది దాటితే గుడికీ హోటలుకూ తాళం పడుతుంది. నర్సుకు తాళం పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఆమె చేతిమీదుగానే పుట్టి ఉండాలి కనుక ఆ ధైర్యం చెయ్యడు.

ఆమె అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా కనబడదు. భవానీ పేటలో అడగండి, దాజీ పేటలో అడగండి, సాఖర్ పేటలో అడగండి, "సిస్టరక్క" అంటే చాలు. పిల్లలు మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆమె గుమ్మం ఇంకా పది అడుగులుండగానే పారిపోతారు. ఆ పరుగుకు మూలం చిన్ననాటి సూది.

1877లో ఇక్కడ బట్టల మిల్లు లేచాక, కరువుకు మగ్గం ఆగిపోయిన కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు పద్మశాలీలు మూటాముల్లె కట్టుకుని ఈ ఊరికి వచ్చారు. వస్తూ నేతనూ బంధుత్వాన్నీ వెంట తెచ్చుకున్నారు. ఏ ఇద్దరు కలిసినా మూడో మాటకు వరస కుదరాల్సిందే. సిస్టరక్కకు అంతసేపు పట్టదు. బీపీ పట్టీ చుట్టేలోపే ఎదుటివాడు మేనత్త మనవడో, తోడికోడలి తమ్ముడో అయిపోతాడు. వరస కుదిరాక తిట్టే హక్కు దానంతటదే వస్తుంది.

"తమ్మీ, బీపీ నూట ఎనభై ఉన్నది. ఉప్పు తక్కువ తిను."

"మిషన్ ఖరాబైందేమో అక్కా."

"మిషన్ మంచిగనే ఉన్నది. నిన్న రాత్రి పల్లీల షేంగా చట్నీ ఎంత తిన్నవో మీ ఆమె జెప్పింది."

ఆమె గొంతు గురించి వేరే చెప్పాలి. ముందు గదిలో మరమగ్గాలు, వెనక గదిలో సంసారం ఉన్న ఇళ్ళల్లో మామూలు గొంతు పనికిరాదు. ఏళ్ళ తరబడి ఆ మోతలో పనిచేసిన వాళ్ళకు చెవులు మందగిస్తాయి. వాళ్ళకు వినబడేలా చెప్పీ చెప్పీ ఈమె గొంతు పెరిగింది. ఫలితంగా ఈ పేటల్లో రహస్య రోగాలంటూ లేవు. ఎవరికి మొలలు, ఎవరికి మూడో నెల అన్నది కన్నా చౌక్ దాకా వినిపిస్తుంది. రోగి గుట్టు కాపాడాలని నర్సింగు చదువులో చెప్పలేదా అంటే, "జెప్పిండ్రు. మగ్గాల నడుమ ఎట్ల కాపాడాల్నో జెప్పలే" అంటుంది.

దూదిపొట్టులో పనిచేసే వాళ్ళకు వారపు సెలవు గడిచి మళ్ళీ పనిలో దిగిన రోజే ఛాతీ పట్టేస్తుంది. డాక్టర్లు బిసినోసిస్ అని రాస్తారు. సిస్టరక్క సెలవునాటి సాయంత్రమే చాయ్ హోటలు ముందు నిలబడి, రేపు ఎవరెవరు దగ్గబోతారో పేరుపేరునా చెప్పేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకోమంటుంది. గుడ్డ దొరకలేదన్నాడో, అయిపోయాడే. "దేశమంతటికీ చద్దర్లు, తువ్వాలలు పంపే ఊరు మనది. నీ మూతికి జానెడు గుడ్డ దొరకలేదా?"

బీడీలు చుట్టే ఆడవాళ్ళది ఇంకో తంటా. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్కన. చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది కనుక వాళ్ళు దవాఖానాకు రారు. సిస్టరక్కే వాళ్ళ దగ్గరకు పోతుంది. రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి పాదం మీద నాడి చూస్తుంది. కొత్త కోడలు సిగ్గుతో కాళ్ళు ముడుచుకుంటే, "నీకు మొక్కుతలేనమ్మా, నాడి జూస్తున్న" అని కాలు లాగుతుంది. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మికులకు 10,000 ఇళ్ళ కాలనీ వచ్చింది. గల్లీలో చాలామంది అటు తరలిపోయారు. ఆమె రౌండ్లు కూడా సిటీ బస్సెక్కాయి.

కుటుంబమంటే ప్రాణం. చిక్కేమిటంటే, కుటుంబం ఎక్కడ ముగుస్తుందో ఆమెకు తెలియదు. పెళ్ళి చదివింపుల్లో ఆమెవి ఎప్పుడూ రెండే ఉంటాయి: ఒక చద్దరు, ఒక తులసి మొక్క. ఏడాది తిరిగాక ధనుర్వాతం సూది ఉచితం. పూనాలో ఉద్యోగం చేసే కొడుకు వీడియో కాల్ చేస్తే "తిన్నవా" అని అడగదు. "నాలుక జూపెట్టు" అంటుంది. నాలుక చూసి, ఏం తిన్నాడో ఆమే చెబుతుంది.

మొక్కలంటే ఇంకా ప్రాణం. ఉజనీ డ్యాం నీళ్ళు కొన్ని రోజులకోసారి నల్లాలో దర్శనమిచ్చే ఊళ్ళో తోట పెంచడం మామూలు మొండితనం కాదు. ఖాళీ సెలైను సీసాలు తలకిందులుగా కట్టి, నిమిషానికి ఇన్ని చుక్కలని లెక్కపెట్టి, స్నానం నీళ్ళు ఎక్కిస్తుంది. గోడకు కేసు షీట్లు వేలాడుతుంటాయి. 'మందారం: మొగ్గ రాలింది, రేపు చూడాలి. కరివేపాకు: ఆకలి లేదు. విజిటర్లను రానివ్వరాదు.' ఆ చివరి వాక్యం పక్కింటి వాళ్ళ పోపు కోసం రాసింది. ఒకసారి ఒక ఆసామి వేపకొమ్మ కొట్టించబోతే అడ్డంగా నిలబడింది. "నీ మోకాలి ఆపరేషన్‌కు మత్తు ఇచ్చిండ్రు గదా? దీనికి ఇచ్చినవా?" ఆ కొమ్మ ఇప్పటికీ ఉంది.

బట్టమేక పిట్టను చూపిస్తానని కుటుంబాన్ని టెంపోలో నాన్నజ్ అభయారణ్యానికి తీసుకెళ్ళింది. 1979 నుంచి ఆ పిట్ట కోసమే కాపాడుతున్న గడ్డినేలలవి. ఇప్పుడక్కడ అది కంటబడటమే గగనం. టెంపో నిండా మేనకోడళ్ళు, చుడువా డబ్బాలు, మగ్గాలకు అలవాటుపడ్డ గొంతులు. పిట్ట రాలేదు. "తెలివిగల్లది. మనకు దూరముంటెనే బతుకుతది" అని ఆమె సంతోషపడింది.

ఊరి గొప్ప గురించి మాటొస్తే డాక్టర్ కోట్నీస్ రావాలి. సోలాపూర్‌లో పుట్టి, 1938లో భారత వైద్య బృందంతో చైనా వెళ్ళి, గాయపడ్డ సైనికులకు సేవచేస్తూ 1942లో 32 ఏళ్ళకే పోయినవాడు. సిస్టరక్క దండం పెట్టి, వెంటనే అనుబంధం కలుపుతుంది. అక్కడ ఆయన పెళ్ళాడిన క్వో చింగ్లాన్ నర్సింగు పాఠాలు చెప్పేది. 1946లో వాళ్ళ కథతో శాంతారామ్ తీసిన సినిమా పేరులో మాత్రం డాక్టరే ఉన్నాడు. "పేరుకు డాక్టర్. రాత్రి డ్యూటీ ఎవలదో అడుగుండ్రి."

పద్మశాలీల కులదైవం మార్కండేయుడు పదహారేళ్ళ వయసులో యముణ్ణి వెనక్కి పంపాడు. ఒక్కసారి పంపినందుకు ఏటా శ్రావణ పున్నమికి రథం లాగుతున్నాం. ఆ పని నెలజీతానికి చేసి, ఓవర్‌టైం కూడా అడగని వాళ్ళు ఈ సిస్టరక్కలు.

ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. సంతాప సభలో కారఖానా ఆసామి లేచి, "నన్ను మొదట ఎత్తుకున్నది ఆమే" అంటాడు. వెనక నుంచి అతని దగ్గర మగ్గం నడిపేవాడు "నన్ను గూడ" అంటాడు. ఇద్దరికీ మొదటి దెబ్బ కొట్టి ఏడిపించింది ఒకే చెయ్యి. కూలి రేట్ల దగ్గర ఎన్నడూ కుదరని ఏకాభిప్రాయం అక్కడ కుదురుతుంది.

మీ గల్లీలో ఇంకా ఒకామె ఉంటే, సంతాప సభ దాకా ఆగకండి. ఈ శ్రావణ పున్నమికే ఒక మొక్క పట్టుకుని వెళ్ళండి. చద్దరు వద్దు, ఇంట్లో పేర్చడానికి చోటు లేదు. బీపీ చూడకుండా మిమ్మల్ని పంపదు కనుక, ముందురోజు షేంగా చట్నీ కాస్త తగ్గించుకోండి.