లింకు డాక్యుమెంటు

రాజోలులో ఈ మండువా లోగిలి అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచి వచ్చినవాళ్లంతా ముందు అడిగేది నన్నే. చెప్పులు విప్పకముందే "ఒరిజినల్ ఉందాండీ?" అంటారు. ఉన్నాను. ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున, మూలలకు పసుపు అంటించుకుని ఉన్నాను.

1961, ప్లవ నామ సంవత్సరంలో ముద్ర కాగితాల మీద పుట్టాను. దస్తావేజు లేఖరి ఇంకు కలంతో రాశాడు. 4,500 రూపాయలకు కొన్నది ఒక కొబ్బరి వ్యాపారి, పూర్తిగా స్వార్జితం. ఆ రోజుల్లో రిజిస్ట్రారు కచేరీలో నా నకలును కూడా చేత్తోనే పుస్తకంలోకి ఎక్కించుకునేవారు. కంప్యూటర్లు అక్కడికి చేరడం 1998లో మొదలైంది.

ఇంటి గురించి నాలో ఉన్నది ఒక వరుసే: పెంకుటిల్లు, నుయ్యి, దొడ్డి సహా. వాన పడితే నాలుగు చూర్ల నీళ్లూ మండువాలోకి దూకుతాయనీ, పిల్లలు అందులో కాగితపు పడవలు వదులుతారనీ లేఖరి ఎందుకు రాస్తాడు? నిధి నిక్షేప జల పాషాణాది అష్టభోగాలు మాత్రం ఒక్కటీ వదలకుండా దఖలు పరిచాడు. నిధి ఎవరికీ దొరకలేదు. జలం మాత్రం అడక్కుండానే వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను పెంకులు లేపుకుపోతే ట్రంకుపెట్టెలోకీ నీళ్లు దిగాయి. నా మూడో పేజీలో సాక్షి సంతకం అలికినట్టయింది. అతను పోయి చాలా కాలమైంది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆసామి వీలునామా రాయకుండానే పోయాడు. తర్వాత ఆయన భార్యా పోయింది. పిల్లలు నలుగురు. పెద్దకొడుకు హైదరాబాదులో, చిన్నకొడుకు టెక్సాస్‌లో, పెద్దకూతురు అమలాపురంలో, చిన్నకూతురు మస్కట్‌లో. తాళాలు అమలాపురంలో ఉంటాయి. ఆవిడే నెలకోసారి వచ్చి దుమ్ము దులిపి, నుయ్యి మీద రేకు సర్ది వెళ్తుంది.

బ్రోకరు మంచి మాటకారి. "ఆడపిల్లలకి పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశారు కదండీ, వాళ్ల సంతకాలెందుకు?" అన్నాడు పెద్దకొడుకుతో. నాలో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినదని ఉన్న మాట నిజమే. లేఖర్లకు అది నోటికొచ్చిన పాఠం. కానీ నేను పుట్టేనాటికే హిందూ వారసత్వ చట్టం వచ్చి ఐదేళ్లు. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో 1956 నుంచీ కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఆ సంగతి పెద్దకూతురికి తెలుసు. "మా సంతకాలు లేకుండా ఎవడు కొంటాడో కొనమనండి," అంది. అలా నాలుగు సంతకాల వేట మొదలైంది. టెక్సాస్ నుంచీ మస్కట్ నుంచీ జీపీఏలు రావాలి. అక్కడ భారత కాన్సులేట్‌లోనో ఎంబసీలోనో అటెస్ట్ చేయించి పంపాలి, కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. చిన్నకొడుకు కాగితం ఒకసారి ఆ గడువు దాటిపోయి మళ్లీ మొదటికొచ్చింది.

ఈలోగా బేరాలు. వచ్చినవాళ్లెవరికీ ఇల్లు అక్కర్లేదు. "ఇల్లొద్దండీ, సెంటెంత?" అంటారు. పన్నెండు సెంట్లు, అంటే 580 గజాల పైచిలుకు. దాన్ని రెండు ముక్కలు చేసి డాబాలు కట్టుకోవాలని వాళ్ల లెక్క. పాత సామాను కొనే ఒకాయన మాత్రం స్థలం వంక చూడకుండా సింహద్వారం కొలతలు తీసుకున్నాడు. టేకు స్తంభాలను గోటితో గీకి చూసి, తలుపుకి వేరే రేటు, స్తంభాలకి వేరే రేటు చెప్పాడు. ఈ ఊళ్లో నన్ను మించి ఇంటిని శ్రద్ధగా చదివింది అతనొక్కడే అనిపించింది, అదీ విప్పుకుపోవడానికి.

చివరికి భీమవరం ఆసామి ఒకాయన ఖాయం చేసుకున్నాడు. స్టాంపు, బదలాయింపు, రిజిస్ట్రేషను కలిపి నూటికి ఏడున్నర తనే పెట్టుకుంటానన్నాడు. కొత్త దస్తావేజు చిత్తు ఇప్పటి లేఖరి కంప్యూటర్‌లో కొట్టి తెచ్చాడు. దానికి ఇక నేను లింకు డాక్యుమెంటుని.

పెద్దకూతురు కళ్లజోడు పెట్టుకుని చిత్తు మొత్తం చదివింది. సరిహద్దుల దగ్గర ఆగింది. పడమర పంట కాలువ, సరే. గన్నవరం అక్విడెక్టు దాటొచ్చే గోదావరి నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి. తూర్పున కొబ్బరితోట అని ఉంది.

"తోటెక్కడుంది బాబూ? రొయ్యల చెరువు తవ్వి ఎన్నేళ్లయింది?"

"పాతదాంట్లో అలాగే ఉందండీ. మార్చితే లింకు కలవడం లేదని బ్యాంకువాళ్లు లోనుకి పేచీ పెడతారు."

"నాకు లోను లేదు కదా. తోటుందని నేను సంతకం పెట్టను."

అతను నా వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, కొన్నాయన వంక చూశాడు. తర్వాత పెన్ను తీసి చిత్తులో కొబ్బరితోట పక్కన 'ప్రస్తుతం రొయ్యల చెరువు' అని చేర్చి, మళ్లీ ప్రింటు తీయించడానికి బండెక్కాడు.