నేను ఆపించిన సన్నాయి

2006 వైశాఖంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. దాచేపల్లిలో మా ఇంటి ముందే కొబ్బరాకు పందిరి. ఆ పెళ్లిలో సన్నాయి మేళాన్ని మధ్యలో ఆపించింది నేనే. ఈ మాట ఇన్నేళ్లలో ఇంట్లో కూడా ఎవరితోనూ అనలేదు.

మేళాన్ని కుదిర్చింది మా నాయన. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చారు. రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, శ్రుతి పట్టడానికి ఒక కుర్రాడు. పెద్ద సన్నాయి వాయించిన సాయిబుకు డెబ్బై దాటి ఉంటాయి. ఆయన సన్నాయికి దారంతో నాలుగైదు పీకలు వేలాడుతుండేవి. ఒకటి నోట పెట్టి తడిపి, ఊది చూసి, నచ్చక వదిలేసి ఇంకొకటి అందుకునేవాడు. సరైనది కుదిరేదాకా స్వరం ఎత్తలేదు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ అయ్యాయి. గట్టిమేళం ఎప్పుడు పడాలో పురోహితుడు చెయ్యి ఎత్తకముందే ఆయనకు తెలిసిపోయేది.

జనం విస్తళ్ల దగ్గరికి పోగానే ఆయన కాస్త సర్దుకుని కూర్చుని ఒక రాగం ఎత్తుకున్నాడు. అది తంతులో లేనిది. ఎవరూ అడగనిది. డోళ్లు కూడా ఆగిపోయాయి. కళ్లు మూసుకుని మెల్లగా, ఒక్కో స్వరం దగ్గర నిలిచి నిలిచి వాయిస్తున్నాడు. ఇంతలో మగపెళ్లివారి కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి పాటలు పెట్టుకుంటామన్నారు. వియ్యాలవారి పిల్లలు, కాదనకూడదనుకున్నాను. గుంజ దగ్గర నుంచే చెయ్యి ఊపి, "చాల్లే పెద్దాయనా, ఇక ఆపండి" అన్నాను.

ఆయన మారు పలకలేదు. పీక ఊడదీసి, తువ్వాలుతో తుడిచి, గుడ్డలో చుట్టుకున్నాడు. మైకు సెట్టు మోత మొదలైంది. మేళం వాళ్లు ఆఖరి బంతిలో తిన్నారు. మా నాయన అంతసేపూ పస్తుండి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని తిన్నాడు. అప్పగింతలు అయ్యేదాకా నా మొహం వంక చూడలేదు.

సంగీతం పట్టనివాడు ఈ పని చేస్తే సరిపెట్టుకోవచ్చు. నాకు సంగీతం ప్రాణం. అప్పటికే మూడుసార్లు తిరువయ్యారు వెళ్లొచ్చాను. పుష్య బహుళ పంచమి దగ్గరపడుతుంటే నడికుడి జంక్షన్‌లో మద్రాసు బండి ఎక్కడం నా జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయాణం. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ముందు వందల గొంతులు ఒక్కటై పంచరత్నాలు పాడుతుంటే, తమిళదేశం మధ్యలో మన తెలుగు వినపడుతుంటే, నాకు కన్నీళ్లు ఆగేవి కావు. అక్కడ పొద్దున్నే ఆరాధన మొదలయ్యేది నాదస్వరంతో. దానికి చేతులు జోడించి నిలబడ్డవాణ్ణి, అదే వాద్యం మా పందిట్లో మోగితే చెయ్యి ఊపాను.

సంగీతమంటే రైలెక్కి వెళ్లి వినేదని నా బుర్రలో పాతుకుపోయింది. సొంత సీమలో ఉన్నది చెవికెక్కలేదు. కారంపూడి మాకు ఎంతో దూరం కాదు. మా ఊరి పక్కన పారే నాగులేరే అక్కడా పారుతుంది. కార్తీక అమావాస్యకు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలైతే వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కథ, బాలచంద్రుడి కథ పాడతారు. చిన్నప్పుడు తాత భుజం మీద కూర్చుని విన్నాను. పెద్దయ్యాక మళ్లీ ఆ దిక్కు పోలేదు. జీన్ రోగైర్ అనే విదేశీయుడు పల్నాడు వచ్చి అలిశెట్టి గాలెయ్య నోట ఆ కథ విని, ఇంగ్లీషులోకి మార్చి రాసిన పుస్తకాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అచ్చువేశారు. ఆ సంగతి నాకు తెలిసింది హైదరాబాదులో.

2014లో తిరువయ్యారు నుంచి శ్రీరంగం వెళ్లాను. అక్కడ ఒక కాఫీ హోటలాయన మాది ఏ ఊరని అడిగాడు. గుంటూరు జిల్లా అన్నాను. వెంటనే లేచి నిలబడి, "చినమౌలానా గారి దేశం" అన్నాడు.

షేక్ చినమౌలానా పేరు నేను విననిది కాదు. క్యాసెట్టు కూడా ఉంది. ఆయన 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారనీ, చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారనీ ఆ ఊళ్లోనే తెలుసుకున్నాను. పిడుగురాళ్ల, నరసరావుపేట దాటితే మాకు చిలకలూరిపేటే! అక్కడ నేర్చినది చాలదని తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ విద్వాంసులను ఆశ్రయించి, చివరికి రంగనాథుడి పాదాల దగ్గరే స్థిరపడ్డారు. శ్రీరంగంలో నాదస్వర పాఠశాల పెట్టారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. మరుసటి ఏడాదే పోయారు. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులు ఆయన శిష్యులే.

ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు. పందిట్లో కూర్చున్న ముసలాయన ఎవరి శిష్యుడో, ఏ రాగం ఎత్తుకున్నాడో నేను అడగలేదు.

ఇంటికి రాగానే పెళ్లి ఖర్చుల పుస్తకం తీశాను. వంటవాళ్ల పేరుంది. షామియానా ఆయన పేరుంది. మైకు సెట్టు ఆయన పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. వాటి కింద "సన్నాయి మేళం, 4,000" అని నా చేతిరాతే. పేరు లేదు. ఎవరి ద్వారా కుదిర్చాడో అడుగుదామంటే మా నాయన అప్పటికి లేడు. చిలకలూరిపేట వెళ్లి రెండుసార్లు వాకబు చేశాను. పేరు చెప్పలేనివాడికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

ఇక మిగిలింది పెళ్లి సీడీ. అందులో ఆయన ఉన్నాడు. బుగ్గలు పొంగుతున్నాయి, వేళ్లు రంధ్రాల మీద నిలిచి జారుతున్నాయి. వీడియో వాళ్లు ఆ నాదం తీసేసి సినిమా పాట అతికించారు. అలా చేయమన్నదీ నేనే. ఆ వేళ్ల కదలికను బట్టి రాగం పట్టుకుందామని ఎన్నిసార్లు చూశానో. తోడి అనిపిస్తుంది ఒకసారి, కాదనిపిస్తుంది ఇంకోసారి.

ఈ మాఘంలో మా మనవరాలికి ఓణీలు ఇస్తున్నాం. మేళం చెప్పాను, అందరి పేర్లూ రాసుకున్నాను. మీ ఇంట శుభకార్యానికి మేళాన్ని పిలిస్తే మొదటి బంతిలోనే వాళ్లకు భోజనం పెట్టండి. వాళ్లు వాయించినంతసేపూ మైకు సెట్టు ఆపించండి. వీడియో తీసేవాళ్లకు మాత్రం ముందే గట్టిగా చెప్పండి, సన్నాయి నాదాన్ని తీసేయొద్దని.