నోటాక్ కథ: కెప్టెన్ చేతికి అందే కాగితం

ఈ కాగితం పేరు నోటాక్. శంషాబాద్ విమానాశ్రయంలోనే కాదు, విమానంలోకి ప్రమాదకర సరుకు ఎక్కే ప్రతి చోటా పుడుతుంది. విమానం కదలక ముందే కెప్టెన్ చేతికి చేరాలి. సరుకు పేరు, దాని యూఎన్ గుర్తింపు నంబరు, ప్రమాదకర సరుకుల తొమ్మిది తరగతుల్లో అది దేనికి చెందుతుంది, ఎన్ని పెట్టెలు, ఎంత పరిమాణం, ఏ అరలో ఎక్కించారు: ఇవన్నీ దీని మీద ఉండాలి. 1981లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆమోదించిన 18వ అనుబంధం దీన్ని తప్పనిసరి చేసింది.

ఆకాశంలో ఉండగా పొగ హెచ్చరిక మోగితే దీని విలువ తెలుస్తుంది. ఏ అరలో ఏముందో కెప్టెన్ చూసుకుంటాడు, వీలైతే కింద టవర్‌కు చెబుతాడు. దీని నకలు ఒకటి నేల మీద కూడా ఉంటుంది. ఎదురుచూసే ఫైరింజన్ సిబ్బంది ఎంత దగ్గరికి వెళ్లవచ్చో, దేనితో ఆర్పాలో ముందే తేల్చుకుంటారు. అలా అక్కరకొచ్చిన రోజున ఈ కాగితానికి ఎంతో గర్వం.

దుఃఖమల్లా తనకు చెప్పకుండా ఎక్కించిన సరుకు గురించే.

1996 మే 11న అమెరికాలో వాల్యూజెట్ 592 విమానంలోకి అయిదు అట్టపెట్టెలు ఎక్కాయి. వాటిలో గడువు తీరిన ఆక్సిజన్ జనరేటర్లున్నాయి. మండించే పిన్నుకు తొడగాల్సిన రక్షణ మూతలు లేవు. చీటీ మీద మాత్రం ఖాళీ డబ్బాలని రాశారు. అవి రాజుకుని, విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో కూలింది. అందులోని 110 మందీ చనిపోయారు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి లేచిన యూపీఎస్ కార్గో విమానంలోనూ మంటలు పుట్టాయి. తొమ్మిదో తరగతి కింద ప్రకటించాల్సిన లిథియం బ్యాటరీల సరుకు అందులో కనీసం మూడు పార్శిళ్లలో ఉంది. ఎవరూ ప్రకటించలేదు. కాక్‌పిట్ పొగతో నిండిపోయింది, పైలట్లిద్దరూ బతకలేదు.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో విమానాశ్రయం లేదు. అయినా ఈ కాగితం కథ అక్కడే మొదలు కావచ్చు. అమెరికాలో ఉన్న బిడ్డకు పార్శిల్ కడతారు: ఆవకాయ, కారప్పొడి, రాములవారి తలంబ్రాలు. మూలన కర్పూరం ప్యాకెట్, పైన ఒక పవర్ బ్యాంక్. పార్శిల్ కౌంటర్లో అడుగుతారు.

“ఏముందన్నా ఇందులో?”

“పచ్చళ్లు, పూజ సామాను తమ్ముడూ.”

దేవుడి ముందు వెలిగించే ఆ తెల్లటి బిళ్ల యూఎన్ 2717, నాలుగో తరగతికి చెందిన మండే ఘనపదార్థం. పవర్ బ్యాంక్‌లో ఉన్నది లిథియం. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం నిషేధం. అవే విమానాల కింది అరల్లో పార్శిళ్లూ వెళ్తాయి. కౌంటర్లో ఆ రెండు పేర్లూ పలక్కపోతే ఎక్స్‌రేలో దొరకాలి. దొరక్కపోతే ఈ కాగితం మీద ఆ గడి ఖాళీ. పైన కూర్చున్న కెప్టెన్‌కు కింద పచ్చళ్లే ఉన్నాయనుకోవడం తప్ప దారి లేదు.

అన్నీ సరిగా రాసినా దీనికి దక్కే మర్యాద తక్కువే. బయల్దేరే తొందరలో చదవకుండానే సంతకం పెట్టేవాళ్లుంటారు. మిగతా కాగితాల మధ్య మడత పెడతారు, దాని మీదే టీ కప్పు పెడతారు. దిగాక ఇక దీన్ని అడిగేవారుండరు. నేల మీది నకలును కనీసం మూడు నెలలు దాచాలని నియమం ఉంది కాబట్టి ఏదో ఫైల్లో దుమ్ము పట్టి పడుంటుంది. గడువు తీరితే చిత్తుకాగితమే.

దానికీ ఈ కాగితం బాధపడదు. పనికిరాకుండా ముగిసిందంటే ఆ విమానం క్షేమంగా దిగిందనే కదా. దీని గోడంతా పార్శిల్ కట్టేవాళ్లతోనే. కర్పూరం, సెంటు సీసా, టపాసులు, బ్యాటరీ: పెట్టెలో ఏముంటే అది పేరుపేరునా చెప్పండి. కొన్నిటిని తీసేయమంటారు, కొన్నిటిని నియమం ప్రకారం కట్టించి పంపుతారు. అప్పుడే ఆ పేర్లు ఈ కాగితం మీదికి, దాన్నుంచి కెప్టెన్ కళ్లముందుకి వస్తాయి.