హంతకుడెవరైతే నాకేం!

డిటెక్టివ్ నవల పట్టుకుంటే హంతకుడెవరన్న సంగతి నాకు అంతగా పట్టదు. ఈ మాట నలుగురిలో అంటే, పెళ్లికెళ్లి భోజనం వద్దన్నవాణ్ని చూసినట్టు చూస్తారు. కానీ నిజం. చంపిందెవరో చివర్లో ఎలాగూ చెబుతారు, చెప్పక ఎక్కడికి పోతారు? నాక్కావలసిందల్లా ఆ చెప్పేదాకా ఉన్న రెండొందల పేజీలు.

ఈ వైరాగ్యం పుట్టుకతో వచ్చింది కాదు. అద్దె పుస్తకాల షాపు ప్రసాదం. ఆ షాపులో పాకెట్ నవలలకి అట్ట ఉండేది కాదు, ఉంటే సగం ఉండేది. ఊళ్లో సగం ఇళ్లు తిరిగొచ్చిన పుస్తకంలో ఆ ఇళ్లవాళ్ల అభిప్రాయాలన్నీ ఉండేవి. "సూపర్", "బోర్", "ఇది చదివినవాడు గాడిద". దాని కింద ఇంకో చేతిరాతలో "మరి రాసినవాడో?". వీళ్లందరిలోకీ పరమ దుర్మార్గుడు ఒకడుండేవాడు. ఆరో పేజీలో ఓ పాత్ర అలా గుమ్మంలోకి రాగానే పేరు కింద బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన "వీడే" అని రాసేవాడు. కొన్నాళ్లు తిట్టుకున్నాం. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, వాడు ఒక్కోసారి అబద్ధం కూడా రాసేవాడు! దాంతో మాకు ఒక నవలలో రెండు కేసులయ్యాయి. హత్య చేసిందెవరు, బాల్‌పెన్నువాడు ఈసారి నిజం చెప్పాడా లేదా. చెప్పొద్దూ, చాలాసార్లు రెండో కేసే రంజుగా ఉండేది.

మా దొడ్డమ్మకి బాల్‌పెన్నువాడి అవసరం లేదు. ఆవిడ ముందు ఆఖరి అధ్యాయం చదివి, అప్పుడు మొదటి పేజీకొచ్చేది.

"అదేంటి దొడ్డమ్మా, ముందే తెలిసిపోతే ఇంకేం మజా?" అన్నాను.

"ఒరేయ్, వాడెవడో తెలిస్తేనే కదరా వాడి మీద ఓ కన్నేసి ఉంచేది! చూడు, పొద్దున చంపి, సాయంత్రం అందరికీ కాఫీలు ఎలా అందిస్తున్నాడో నంగనాచి వెధవ."

ఆవిడకో లెక్కుంది. గుట్టు తెలిశాక కూడా చదవబుద్ధేస్తే మంచి పుస్తకం. లేకపోతే ఇప్పుడే తిరిగిచ్చేస్తే రేపటి అద్దె మిగులుతుంది. నేను ఆ తర్వాత చదివిన విమర్శ గ్రంథాలు చాలానే ఉన్నాయి గానీ, డిటెక్టివ్ నవలకి ఇంతకన్నా నికరమైన తూకం ఎక్కడా కనిపించలేదు.

అగాథా క్రిస్టీ ఈ తూకానికి నిలుస్తుంది. 1934లో వచ్చిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కథ గుట్టు ఇప్పుడు ఊరందరికీ తెలుసు. అయినా మంచులో ఇరుక్కుపోయిన ఆ రైల్లో ఒక్కో ప్రయాణికుడూ వచ్చి కూర్చుని శుభ్రంగా అబద్ధాలాడుతుంటే వినడానికి ఎన్నిసార్లయినా టికెట్టు కొనొచ్చు. 1926 నాటి 'రోజర్ ఆక్రాయిడ్ హత్య' మీద, రచయిత్రి పాఠకుణ్ని మోసం చేసిందని అప్పట్లో పెద్ద రగడే అయింది. రెండోసారి చదివితే కదా తెలిసేది, ఆవిడ అబద్ధం ఒక్కటీ ఆడలేదని. నిజం పక్కనుంచే పోతూ పలకరించకుండా వెళ్లిపోయింది, అంతే. అందులో ముద్దాయి పేరు మాత్రం నా నోట రాదు. దొడ్డమ్మ శిష్యుణ్నే అయినా నాకూ కొన్ని కట్టుబాట్లున్నాయి.

ఎడ్గార్ అలన్ పో రాసిన 'రూ మోర్గ్ హత్యలు' విషయంలో ఆ మొహమాటం అక్కర్లేదు. 1841 నాటి కేసు, లిమిటేషన్ ఎప్పుడో దాటిపోయింది. చంపింది ఒరాంగుటాన్! డిటెక్టివ్ కథలన్నిటికీ మూలపురుషుడనే కథలో, బోణీ కేసులోనే ముద్దాయిని బోనెక్కించే వీల్లేకపోయింది. ఇక రేమండ్ చాండ్లర్ అయితే ఇంకో మెట్టు ఎక్కాడు. 1939లో వచ్చిన ఆయన 'బిగ్ స్లీప్' నవలలో ఓ కారు డ్రైవరు చచ్చిపోతాడు. దాన్ని సినిమాగా తీస్తున్నవాళ్లు ఆ డ్రైవర్ని చంపిందెవరో తేల్చుకోలేక రచయితనే అడిగితే, నాకూ తెలీదు అన్నాడట. ఆ నవలని ఇవాళ్టికీ నెత్తిన పెట్టుకుంటున్నారు. హంతకుడెవరో రాసినవాడికే పట్టనప్పుడు, నన్నెందుకు అలా చూస్తారు?

ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అని ఓ క్రైస్తవ మతాచార్యుడు, స్వయంగా డిటెక్టివ్ నవలలు రాసినవాడు, 1929లో ఈ రచయితలకి పది ఆజ్ఞలు విధించాడు. దయ్యాలూ మహిమలూ కూడదు. రహస్య మార్గం ఒకటికి మించకూడదు. డిటెక్టివే హంతకుడు కాకూడదు. కవల పిల్లల్నీ, ఒకే పోలికున్న మనుషుల్నీ ముందుగా చెప్పకుండా తేకూడదు. ఈ ఆఖరుది మనవాళ్ల చెవిన పడకపోవడం మంచిదైంది. పడితే మన డ్యూయల్ రోల్ హీరోల గతేం కాను?

దయ్యాల ఆజ్ఞ మాత్రం నాక్స్ కాస్త ఆలస్యంగా రాశాడు. 1926 డిసెంబరులో క్రిస్టీ ఇంట్లోంచి వెళ్లిపోయి 11 రోజులు కనిపించలేదు. పోలీసులు ఊళ్లూ చెరువులూ గాలిస్తుంటే కానన్ డాయిల్ ఓ చెయ్యి వేశాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించినవాడు, చెప్పు మట్టి చూసి మనిషి ఊరు చెప్పించినవాడు, ఏం చేశాడనుకున్నారు? ఆవిడ చేతి తొడుగు ఒకటి సంపాదించి, ఆత్మలతో మాట్లాడే మనిషి చేతిలో పెట్టాడు. ఆవిడ చివరికి హారోగేట్‌లో ఓ హోటల్లో దొరికింది, భర్త మనసు పారేసుకున్న అమ్మాయి ఇంటిపేరుతో గది తీసుకుని. ఎందుకలా చేసిందో తన ఆత్మకథలోనూ ఊసెత్తలేదు. మా షాపు నవలల్లో ఆఖరి పేజీ ఎవరో చించేవారు. ఈవిడ తన కథలోది తనే చించుకుంది.

మన దగ్గరికొస్తే, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ది మద్రాసు. మద్రాసు చూడని నాకు ఆ మహానగరమంటే క్రైజ్లర్ కారు, దాన్లో యుగంధర్, పక్కన అసిస్టెంటు రాజు. 'చావుకేక' లాంటి పేరు పెట్టిన పుస్తకాన్ని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివిన తరం మాది. నా జాలంతా రాజు మీదే. చీకట్లో వంటరిగా కాపలా కాసేవాడు రాజు. తెల్లారాక తాపీగా గుట్టు విప్పి పేరు కొట్టేసేవాడు యుగంధర్. ఏ ఆఫీసులోనైనా కింది సీట్లో పనిచేసినవాళ్లకి ఈ ఏర్పాటు గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇలాంటివి చదివితే పాడైపోతామని మా తెలుగు మాస్టారు అనేవారు. 'త్వమేవాహం', 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర డిటెక్టివ్ నవలలు కూడా రాశారన్న సంగతి అప్పుడు నాకు తెలిసుంటే, ఆ బెత్తం దెబ్బలు కొన్ని తగ్గేవి.

మధుబాబు గారి షాడో నవలల్లో మిస్టరీ వెతకడం అత్యాశ. షాడో బాస్ కులకర్ణి గారు పని అప్పగించగానే శత్రువులకి రోజులు దగ్గరపడ్డాయని మనకి తెలుసు, షాడోకి తెలుసు, శత్రువులకే తెలీదు. దాచిందేమీ లేదు గనక అవి దొడ్డమ్మ తూకంలో ఢోకా లేకుండా నెగ్గుతాయి. యండమూరి 'తులసిదళం' నాక్స్ దయ్యాల ఆజ్ఞనే తుంగలో తొక్కింది. చేతబడి, కాష్మోరా అన్నీ ఉన్నాయి. ఆంధ్రభూమి వీక్లీలో ఆ సీరియల్ వస్తున్నప్పుడు నాలుగురోడ్ల కూడలిలో నిమ్మకాయ కనిపిస్తే సైకిలు పక్క వీధిలోంచి తిప్పేవాళ్లం. ఏ ఆజ్ఞ తప్పినా ఆ భయం నిజం, దానికి నూటికి నూరు మార్కులు. 'చంటబ్బాయి' సంగతి వేరే. అసలు డిటెక్టివ్‌నే నవ్వులపాలు చేస్తూ మల్లాది రాసిన ఆ నవలని జంధ్యాల 1986లో సినిమా తీశాక, నలుపు కళ్లద్దాలతో ఎవరు కనిపించినా నాకు చిరంజీవి వేసిన జేమ్స్ పాండ్ గుర్తొచ్చేవాడు. భయపడాల్సిన నవలలు కొన్ని అలా పాడైపోయాయి.

నాకు పడనివి ఈమధ్యవి. 2012లో 'గాన్ గర్ల్' వచ్చింది, బాగానే ఉంది. దాని వెనకే అట్ట మీద 'అమ్మాయి' లేకుండా థ్రిల్లర్ అమ్ముడుపోదన్నట్టు తయారయ్యారు. 2015 నాటి 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్'లో కథ చెప్పే ఆవిడ తాగుతుంది, సరిగ్గా ఘోరం జరిగిన రాత్రే ఏం జరిగిందో మరిచిపోతుంది. ఇది నేనొప్పుకోను. మా వీధిలో తాగొచ్చిన ప్రతివాడికీ పదేళ్ల నాటి బాకీలు పైసలతో సహా గుర్తుంటాయి. ఈ రకం పుస్తకాల్లో చాలావాటిని చివరి మలుపు చెప్పేశాక మళ్లీ ముట్టుకోలేం. జపాన్‌లో కీగో హిగాషినో ఉన్నాడు చూడండి, 2005లో రాసిన 'డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో హత్యనీ, చేసినవాళ్లనీ మొదట్లోనే చూపించేశాడు. బాల్‌పెన్నువాడికి పనే లేదు! అయినా ఆఖరి పేజీ దాకా కుర్చీలోంచి లేవనివ్వడు. మన 'దృశ్యం'లో వెంకటేశ్ కుటుంబం సంగతి అందరికీ తెలిసి కూడా హాల్లో గోళ్లు కొరుక్కున్నాం కదా, అదీ ఆ దారే.

తాళం వేసిన గదిలో శవం అనేది పాశ్చాత్యులకి మహా మోజు. జాన్ డిక్సన్ కార్ 1935లో రాసిన 'ది హాలో మ్యాన్'లో, కథ నడుస్తుండగా ఆపి, పదిహేడో అధ్యాయం మొత్తం దీని మీద ఉపన్యాసం ఇప్పించాడు. గదికి గడియ వేసి ఉండగా ఎన్ని రకాలుగా చంపొచ్చో వివరంగా. ఎంత విన్నా నాకొకటే అనుమానం. మా ఉమ్మడింట్లో గడియ పడే గది ఏదీ? పడినా అరగంట తలుపు తీయకపోతే నలుగురు వచ్చి బాదుతారు, ఒకరు కిటికీలోంచి చూస్తారు. పోయేవాడికి కూడా ఏకాంతం దొరకదు. వీలునామా మార్చబోతున్న ముసలాయనకి విషం పెట్టడం కూడా మా వైపు చెల్లదు. సివిల్ కోర్టులుండగా విషం దండగ. ఇంకో ముప్ఫై ఏళ్లు వాయిదాలు తిప్పితే అందరూ వాళ్లంతట వాళ్లే పోతారు.

అన్నిటికన్నా నమ్మలేనిది ఆఖరి ఘట్టం. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి క్రిస్టీ గారి బెల్జియం డిటెక్టివ్ పోయిరో గంటసేపు మాట్లాడతాడు, ఒక్కరూ అడ్డురారు! "ఒక్కడు మాట్లాడుతుంటే ఇంతమంది ఊరుకున్నారా? వీళ్లు చుట్టాలేనా అసలు?" అనేది దొడ్డమ్మ. అదే పోయిరో మా ఇంటికొచ్చి "మీలో ఒకరు హంతకులు" అన్నాడనుకోండి. చిన్న బాబాయి లేచి, అదలా ఉంచండి, ముందు చెరువు కింద అరెకరం సంగతి తేల్చమంటాడు. పోయినవాడు పోయాడు, వాడికిచ్చిన నా గొలుసేదని అత్తయ్య అడుగుతుంది. ఇంతలో కాఫీ వస్తుంది, దాంతో అసలు విచారణ మొదలవుతుంది. బెల్జియం అంటే ఏ వైపు, అమ్మానాన్నా ఉన్నారా, నెలకెంత వస్తుంది, ఆ మీసాలకి ఏం రాస్తారు. ఇంత వయసొచ్చినా పెళ్లి కాలేదని ఆయన నోటితోనే రాబట్టాక, ఇక చంపిందెవరైతే ఎవరిక్కావాలి? తాడేపల్లిగూడెంలో మన వాళ్లకి తెలిసిన సంబంధం ఒకటి ఉండనే ఉంది.