ఒక రాగి డేగిసా కథ

ఈ రాగి డేగిసా, అంటే పొట్ట వెడల్పుగా, మూతి కొంత ఇరుకుగా ఉండే బరువైన వంటపాత్ర, తెలంగాణలోని ఒక ఉమ్మడి కుటుంబంలో ప్రధానంగా ఒకే వంట కోసం పొయ్యి ఎక్కుతూ వచ్చింది. ఆ వంట, చామగడ్డలు వేసి సన్నసెగ మీద పూటంతా మగ్గబెట్టే మేకమాంసం పులుసు. కోస్తా జిల్లాల్లో చామదుంపలని పిలిచే ఈ గడ్డలను హైదరాబాదు ముస్లిం వంటిళ్లలో అర్వీ అంటారు కాబట్టి అక్కడ గడ్డా మాంసమూ కలిసిన కూర అర్వీ గోష్త్ అనే పేరుతో వడ్డనకు వస్తుంది. చలికాలంలో అర్వీ స్థానంలో షల్గం అనే ఊదా చాయ గల గడ్డ చేరితే అది షల్గం గోష్త్ అవుతుంది.

డేగిసా పుట్టుక ఒక కంచరి చేతిలో జరిగింది. రాగి, ఇత్తడి, కంచు లోహాలతో పాత్రలు చేసే వృత్తివారిని కంచరులంటారు. రాగిరేకు సుత్తిదెబ్బలు తినేకొద్దీ గట్టిపడి చివరకు పగుళ్లు తీస్తుంది కాబట్టి, దాన్ని మధ్యమధ్య ఎర్రబడేదాకా కాల్చి మెత్తబరుస్తూ, మళ్లీ కొడుతూ పొట్టను దించుతారు. ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది గాని, రాగి ముంచినా మెత్తగానే ఉంటుంది. అలా తయారైన ఒంటికి దక్కిన పెద్ద వరం వేడిని పంచే గుణం. రాగి ఇనుముకంటే సుమారు 5 రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలుకంటే 20 రెట్లకు మించి మెరుగ్గా వేడిని ప్రసరింపజేస్తుంది. అందువల్ల మంట ఒకచోటే తగిలినా ఆ వేడి అడుగంతా పరుచుకొని అంచులకు పాకుతుంది, చిక్కబడిన పులుసు సైతం అంత సులువుగా అడుగంటదు.

అదే లోహానికి ఒక పెద్ద లోపమూ ఉంది. చింతపండు, పెరుగు వంటి పుల్లని పదార్థాలు రాగిని కొద్దికొద్దిగా కరిగించి, ఒంటికి హాని చేసే లవణాలను కూరలోకి దించుతాయి. రాగిమీద ఆకుపచ్చగా పట్టే చిలుము కూడా అలాంటి రాగి సమ్మేళనమే. అందుకే లోపలి గోడకు కళాయి, అంటే పలుచని తగరపు పూత, తప్పనిసరి. కళాయి పనివారు పాత్రను చింతపండుతో, బూడిదతో తోమి, బొగ్గుల కొలిమి మీద కాల్చి, లోపల నవసాగరం పొడి చల్లుతారు. వేడికి ఆ పొడి విడిపోయి తెల్లని పొగగా లేస్తూ రాగి పైపొరలోని మాలిన్యాన్ని తినేస్తుంది. ఆ క్షణంలోనే తగరపు కడ్డీని ఆనించి, కరిగిన లోహాన్ని దూదితో గుండ్రంగా తుడిస్తే గోడంతా వెండిలా తెల్లబడుతుంది. ఆ పని చూపూ చేయీ ఒకేసారి కదలవలసిన విద్య, దానికి లోకంలో దక్కవలసిన గౌరవం దక్కలేదు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఖాళీగా గాని, భగ్గుమనే మంట మీద గాని ఈ పాత్రను ఉంచకూడదు. కళాయి డేగిసాకు సన్నసెగ రుచికోసమే కాక ప్రాణరక్షణకోసం కూడా కావాలి.

వంటకు మాంసం ఎంచుకోవడంలోనే సగం ఫలితం తేలిపోతుంది. మేకమాంసంలో కొవ్వు తక్కువ, కండ కట్టు ఎక్కువ. పెద్ద మంట మీద తెర్లిస్తే కండలోని ప్రోటీన్లు ముడుచుకొని నీటిని బయటకు పిండేయడంతో ముక్క పీచుపీచుగా, ఎండినట్లుగా మిగులుతుంది. మెడ, ముందుకాలు, మూలుగున్న నల్లి ఎముకలు ఈ పులుసుకు తగినవి, ఎందుకంటే ఎక్కువ పనిచేసిన ఆ భాగాల్లో కండరాలను కట్టిపెట్టే కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీను సమృద్ధిగా ఉంటుంది. అది 60 డిగ్రీలు దాటాక ముందు బిగుసుకుంటుంది, ఆపైన 70 డిగ్రీలకు మించిన తడి వేడిలో గంటల తరబడి ఉంటే కరిగి జెలటిన్‌గా, అంటే పులుసుకు నునుపునూ చిక్కదనాన్నీ ఇచ్చే జిగటగా మారుతుంది. ఉడికించడం మొదలైన గంటకు ముక్క కొరికి, గట్టిగా ఉందని మంట పెంచేవారు ఈ రెండు దశల మధ్య ఓపిక కోల్పోయినవారే.

ఉల్లిగడ్డ నూనెలో రంగు తిరిగాక అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పుతో మాంసం పడుతుంది. తొలి నీళ్లు మాంసమే వదులుతుంది, ఆ ఊట ఇగిరేదాకా మరేమీ పోయకపోవడం పాత ఇల్లాళ్ల పద్ధతి. తర్వాత కారం, ధనియాల పొడి, మునిగేటన్ని నీళ్లు చేరుతాయి. మూతగా పెట్టిన పళ్లెంలో నీళ్లు నింపి ఉంచుతారు: చల్లని పళ్లేనికి తగిలిన ఆవిరి చుక్కలై తిరిగి కూరలోనే పడుతుంది, లోపల ఊట తగ్గితే పళ్లెంలో వేడెక్కిన ఆ నీళ్లనే పోయవచ్చు, చన్నీళ్లు పడి ఉడుకు ఆగిపోయే ఇబ్బంది ఉండదు. మేక వయసును బట్టి ఇలా 2 నుంచి 3 గంటలు పడుతుంది. అంతసేపూ బుడగ అప్పుడొకటి ఇప్పుడొకటి పైకి రావాలే తప్ప తెర్లకూడదు.

ఈ డేగిసా ఎక్కువగా ఇష్టపడే ఘట్టం గడ్డలు చేరే సమయం. మాంసం ముప్పాతిక ఉడికేదాకా చామగడ్డ రాకూడదు, ముందే వస్తే చెదిరి ముద్దవుతుంది. పచ్చి చామగడ్డలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉండి చేతినీ నాలుకనూ దురద పెడుతుంది కాబట్టి గడ్డలను కడిగి, విడిగా ఒక పొంగు ఉడికించి, పొట్టు తీసి వేయడం మంచిది. గడ్డ సగం మెత్తబడ్డాక చింతపండు రసం పోస్తారు. ఆ క్రమంలో గొప్ప వివేకం ఉంది: కూరగాయ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో తొందరగా కరగదు, అందువల్ల రసం మరీ ముందు పడితే గడ్డ ఉడకనని మొరాయిస్తుంది, సరైన సమయంలో పడితే అప్పటిదాకా వచ్చిన మెత్తదనాన్ని కాపాడుతూ ముక్క చెదరకుండా నిలబెడుతుంది. పైగా పులుపు కళాయిని తాకే కాలమూ తగ్గుతుంది. చామగడ్డ జిగురు, మాంసపు జెలటిన్ కలిసిన పులుసుకు చిక్కదనం కోసం వేరే పిండి కలపడం అనవసరం. కలిపితే రుచి మొద్దుబారుతుంది.

స్టీలు, అల్యూమినియం పాత్రలు, ఆ వెనుక ప్రెషర్ కుక్కరు వచ్చాక డేగిసా చాలాకాలం అటక మీదే గడిపింది. కుక్కరులో వేడి సుమారు 121 డిగ్రీలకు చేరడంవల్ల కొల్లాజెన్ త్వరగా కరుగుతుంది, వంటచెరకూ గ్యాసూ మిగులుతాయి. తీరిక లేని ఇళ్లకు అది చేసిన మేలు నిజమైనది. అయితే మాంసానికీ గడ్డకూ పులుపుకూ వేరువేరు సమయాలున్న వంటలో అన్నీ ఒకేసారి వేసి మూత బిగిస్తే, మాంసం ఉడికేసరికి గడ్డ కరిగిపోవడమో, గడ్డ నిలిచేసరికి మాంసం ఉడకకుండా మిగిలిపోవడమో జరుగుతుంది. ఆ తేడా తెలిసినవారు ఇంట్లో ఉండబట్టే డేగిసా మళ్లీ కిందికి దిగింది. దిగినప్పుడు లోపలి పూత అక్కడక్కడ అరిగి ఎర్రని రాగి తేలింది. అలాంటప్పుడు మళ్లీ కళాయి పూయించాలి, అయితే చవకగా అవుతుందని కొందరు తగరంలో సీసం కలిపి పూస్తారు, సీసం ఒంట్లో చేరితే ముఖ్యంగా పిల్లల మెదడుకు తీరని హాని చేస్తుంది.

రాగి పాత్రలున్న ఇళ్లవారు పులుసు వండేముందు వాటి లోపలి గోడను పగటి వెలుగులో పరీక్షించి, ఎర్రదనం కనిపిస్తే తప్పక కళాయి పూయించుకోవాలి. సీసం కలవని తగరమే వాడమని పనివారిని అడగాలి, అలా అడిగినప్పుడు ఆ తగరపు ధరకూ ఆ పనితనానికీ తగిన కూలి ఇవ్వాలి.