కబడ్డీ సీజన్ వచ్చేస్తోంది: డిగ్రీ కాలేజీ జట్లకు పనికొచ్చే చిట్కాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మూడు జిల్లాల డిగ్రీ కాలేజీలకూ యూనివర్సిటీ ఒక్కటే, 1976లో వరంగల్‌లో పెట్టిన కాకతీయ. అంతర్ కళాశాలల పోటీల నోటీసు రాగానే ప్రిన్సిపాల్ సారు పిలిచి అడుగుతారు: "ఈసారి మన కబడ్డీ టీం ఎట్లున్నది?" దానికి మీరిచ్చే జవాబే సీజన్ అంచనా. అది గట్టిగా రాసుకుంటే ఆడే పని సగం తప్పుతుంది. పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లు వాళ్లను తెల్లారగట్ల లేపి గ్రౌండు చుట్టూ ఉరికించరు. మొదటి రోజే, మొదటి మ్యాచ్‌లోనే పని ముగించి, పొద్దుగూకకముందే ఇంటికి చేర్చే జట్టే గెలిచిన జట్టు. కెప్టెన్లూ, పీడీ సార్లూ, ఈ పద్ధతి పట్టుకోండి.

1. పోయినేడు కాగితం బయటికి తీయండి. ఏడాది అంకె మార్చండి. "జట్టును కొత్తగా కట్టుకుంటున్నం" అన్న మాటను మాత్రం ముట్టుకోకండి. డిగ్రీ మూడేళ్లే. ఆ మాట విన్నవాళ్లు పాసై వెళ్లిపోతారు, కొత్తగా చేరినవాళ్లకు అది కొత్త మాటే. ఈలోపు ప్రిన్సిపాల్‌కు బదిలీ అయిందా, మీకు ఇంకో మూడేళ్లు ఢోకా లేదు.

2. రాని ఆటగాడి మీద జట్టును నిలబెట్టండి. 2016 నుంచి డిగ్రీ సీట్లు ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో విడతల వారీగా నిండుతున్నాయి కదా, మనకు అంతకన్నా మేలు చేసింది లేదు. మొదటి విడతప్పుడు "మంచి రైడర్ ఒకడు వస్తున్నడు సార్" అనండి. రెండో విడతకు "వెబ్ ఆప్షన్ మన కాలేజీకే పెట్టిండు" అనండి. అన్ని విడతలూ అయ్యాక "హైదరాబాద్‌ల సీటొచ్చింది, పోయిండు" అని చెప్పి నిట్టూర్చండి. అన్ని రోజులూ వాడి కోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి ఉన్న పిల్లలకు ఏమీ నేర్పనక్కర్లేదు.

3. ఎంపిక ఒక్క పూటలో తేల్చేయండి. మీకు కావలసింది పన్నెండు మంది: ఏడుగురు లోపల, అయిదుగురు బయట. ఎవడు బాగా ఆడతాడని వెతికితే మనస్పర్థలు వస్తాయి. ఎవడి దగ్గర బండి ఉంది, ఎవడు పాస్‌పోర్టు ఫొటోలు ముందు తెచ్చాడు, ఎవడి అన్న జెర్సీలకు చందా ఇస్తాడు, ఇవి చూడండి. సీనియర్ పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75 కిలోలు మించకూడదని నియమం. మీ దోస్తు మూడు కిలోలు ఎక్కువున్నాడని వాడి మనసు కష్టపెట్టకండి. బరువు తూచే ముందు రెండు రోజులు అన్నం, నీళ్లు మాన్పించండి. తూకం దాటాక అదే కాళ్లతో లెఫ్ట్ కార్నర్‌లో నిలబెట్టండి. అక్కడ ఎదుటి రైడర్ కాలి మడమ పట్టాలి. వాడు ఎట్లాగూ కిందికి జారుతుంటాడు, మడమ దానంతటదే చేతికి దొరుకుతుంది.

4. ప్రాక్టీసుకు ఎవరూ రాలేని టైం పెట్టండి. సెమిస్టర్ ఇంటర్నల్ ఉన్న రోజు పొద్దున్నే అయితే మరీ మంచిది. రిజిస్టర్‌లో మీరొక్కరే సంతకం చేసి వచ్చేయండి. తర్వాత మ్యాట్ కావాలని దరఖాస్తు రాయండి. "పోటీలు మ్యాట్ మీద, మా గ్రౌండు మట్టిది" అని రాస్తే చదివినవాళ్లెవరూ కాదనలేరు. దాన్ని మ్యాట్‌తో సంబంధం లేని ఆఫీసుకు పంపండి. జిరాక్స్ దాచుకోండి. జవాబు వచ్చేదాకా మట్టి మీద ఆడటం మ్యాట్‌ను అవమానించడమే అవుతుంది, ఆడకండి. మ్యాట్ మీద కాలు ఎట్లా పడుతుందో పోటీ రోజు నేరుగా తెలుసుకోవడమే పిల్లలకు మంచి అనుభవం.

5. మీ జిల్లా సాకు మీరే వాడండి, పక్క జిల్లాది అరువు తెచ్చుకోకండి. దీని మీద మనసు పెట్టి పనిచేయండి, ఎందుకంటే సీజనంతా మీరు తినేది ఇదే.

జనగామ వాళ్లు హైవేను చూపించండి. హైదరాబాద్–వరంగల్ రోడ్డు ఊళ్లోంచే, సికింద్రాబాద్–కాజీపేట రైలూ ఊళ్లోంచే. "కాళ్లల్ల బలమున్నోడు అటన్న పోతడు, ఇటన్న పోతడు, మా దగ్గర ఆగడు" అనండి. మహబూబాబాద్ వాళ్లకు పంట ఉంది. దసరా దాటితే పత్తి ఏరుడు, సంక్రాంతి దాటితే మిర్చి ఏరుడు. తండాల పిల్లలు నిజంగానే చేన్లలో ఉంటారు, ఎవరొచ్చి చూసినా కనబడతారు. మరి వాళ్లు పొద్దుగూకాక వచ్చి ఆడతామన్నారంటే గ్రౌండులో లైట్లు లేవని వెంటనే చెప్పేయండి.

భూపాలపల్లి వాళ్లది అన్నింటికన్నా బంగారు సాకు. రైలు లేదు. పరకాల మీదుగా బస్సులో హనుమకొండకు రావాలి, దిగేసరికి నడుము పట్టేసిందంటే కాదనేదెవరు? పైగా సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి, చెల్పూరులో థర్మల్ కేంద్రం ఉంది. కబడ్డీకి ప్రాణం కూత. "దుమ్ముకు గొంతు పట్టేసింది సార్, కూత వస్తలేదు" అని ఒక్క మాట అంటే రైడర్లందరికీ ఒకేసారి సెలవు దొరుకుతుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మూడు జిల్లాలకూ పనికొస్తుంది. జాతరకు ముందు నెల ఏర్పాట్లు, తర్వాత నెల అలసట. జాతర లేని ఏడాది "వచ్చే ఏడు జాతర ఉంది" అని రాసుకోండి.

6. ఆటలో ఇవి మాత్రం నేర్పండి, ఇంతకు మించి వద్దు. రైడ్‌కు 30 సెకన్లు. అవి నడి గీత పక్కనే గడిపేయమనండి. బాక్ లైన్ దాటకపోతే రైడర్ అవుటే. అవుటైనవాడు బయట కూర్చుంటాడు, వాడికి విశ్రాంతి. కూత మధ్యలో ఆగితే రైడ్ అక్కడితో అయిపోతుంది, ఊపిరి మిగులుతుంది. వరుసగా రెండు ఖాళీ రైడ్లయితే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే అవుట్. మొదటి రెండూ మీవాళ్లకు ఇవ్వండి. మూడోదానికి ప్రాక్టీసు, ప్రాక్టీసు అని మీ వెంటపడ్డ కుర్రాడిని పంపండి. ఆ అవుట్ వాడి పేరున పడుతుంది.

డిఫెన్స్ ఇంకా తేలిక. లోపల ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు రైడర్‌ను పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, ఒకటికి బదులు రెండు పాయింట్లు. కాబట్టి ఏడుగురితో ఎందుకు కష్టపడటం? మొదటి నిమిషాల్లోనే నలుగురిని అవుట్ చేయించుకోండి. మిగిలిన ముగ్గురూ పోయి ఆలౌట్ అయినా దిగులొద్దు. ఎదుటివాళ్లకు లోనా కింద రెండు పాయింట్లు పోతాయి, నిజమే, కానీ మీ ఏడుగురూ ఒక్కసారే మళ్లీ లోపలికి వస్తారు. ఒక్కొక్కరిని బతికించుకునే బాధ లేదు. ఒక్క హాఫ్‌లో మూడు నాలుగు లోనాలు ఇవ్వగలిగితే జట్టు ఎప్పుడూ నిండుగా కనబడుతుంది.

7. భారమంతా ఒక్కడి మీదే వేయండి. తెలుగు టైటాన్స్‌ను చూడండి. ప్రొ కబడ్డీ పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు 2 గెలిచి ఆఖరి స్థానంలో నిలిచారు. అయినా జనం మాట్లాడుకున్నది సెహ్రావత్ గురించే, మిగతావాళ్లను ఎవరూ వేలెత్తి చూపలేదు. మీ జట్టులోనూ ఒకడిని స్టార్ అని పిలవండి. నోటీసు బోర్డు మీద వాడి ఫొటో పెట్టండి. మిగతా పదకొండు మందికి వాడి సంచి మోసే పని ఇవ్వండి. మోకాలు నొప్పన్నా సరే, ప్రతి రైడ్‌కూ వాణ్నే పంపండి.

8. ఓటమి మాటను ముందే కంఠతా పట్టండి. కబడ్డీ 1990లో బీజింగ్‌లో ఆసియా క్రీడల్లోకి వచ్చింది. అప్పటి నుంచి 2014 దాకా వరసగా ఏడు స్వర్ణాలు తెచ్చిన మన పురుషుల జట్టు 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో సెమీస్‌లోనే 18–27తో ఓడిపోయింది. "ఇండియానే ఓడింది, మనమెంత సార్" అనండి. ఇరాన్ వాళ్లు అంతకుముందు ఎన్నేళ్లు సాధన చేశారని ఎవరైనా అడగబోతే టిఫిన్ సంగతి ఎత్తండి.

9. కాగితాల దగ్గర ఒకటి మరచిపోండి. ఎలిజిబిలిటీ ఫారం, ఎస్సెస్సీ మెమో, ఇంటర్ మెమో, బోనఫైడ్, ఫొటోలు, ప్రిన్సిపాల్ సంతకం. ఇందులో ఏదో ఒకటి బీరువాలో పెట్టి తాళం ఇంట్లో వదిలేయండి. పోటీ రోజు టేబుల్ దగ్గర గట్టిగా వాదించండి. "పల్లె పిల్లలకు అన్యాయం" అని నలుగురికీ వినబడేట్టు అనండి. అప్పుడు ఎదుటి జట్టుకు వాకోవర్, మీకు గౌరవం. ఒక్కరికీ దెబ్బ తగలదు, ఒక్క లోనా పోదు. టీఏ, డీఏ మాత్రం బయలుదేరే ముందే లెక్కపెట్టి తీసుకోండి. పిల్లల భోజనాల డబ్బు మీ జేబులో ఉంచి "వచ్చేటప్పుడు తిందాం" అనండి.

10. తిరిగొచ్చిన రోజే రిపోర్టు రాసేయండి: "పోరాడి ఓడాం, అనుభవం దక్కింది, జట్టును కొత్తగా కట్టుకుంటున్నం." వచ్చే ఏటి అంచనా కూడా ఇదే కాగితంతో తయారైపోయింది.

ప్రాక్టీసు ఎప్పుడు మొదలుపెట్టినా ఫరవాలేదు, జట్టు పేర్లు ఆఖరి తేదీ మర్నాడు పంపినా ఫరవాలేదు. ట్రాక్‌సూట్ల కొలతలు మాత్రం ఈ వారమే ఇవ్వండి. ఆలస్యమైతే ఎక్స్‌ఎల్ సైజులే మిగులుతాయి.