అర మార్కుకు దండం, అర పాయింటుకు పంగనామం

హైదరాబాద్ నల్లకుంటలో చదరంగం అందరికీ రాకపోవచ్చు గానీ, డ్రా అంటే ఏమిటో మాత్రం అందరికీ తెలుసు. పిల్లాడు తప్పాడని!

"ఏరా, విదేశం వెళ్లి ఆడొచ్చావట, గెలిచావా?"

"డ్రా అయింది తాతయ్యా."

"పోనీలే నాన్నా, మళ్లీ రాద్దువులే!"

ఒక బంటు తక్కువై, గడియారంలో నిమిషాలు కరిగిపోతుంటే, చెక్ మీద చెక్ చెప్పి, ఒకే స్థితిని ముమ్మారు రప్పించి, చేజారిన ఆటను కాపాడుకొచ్చిన కుర్రాడికి మనం చేసే సన్మానమిది.

డ్రాకు దక్కేది అర పాయింటు. పోనీ మనకు ఆ సగం విలువ తెలియదా అంటే, మనంత తెలిసినవాళ్లు భూమ్మీద లేరు. చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగులో సీటు కోసం ఇంకోచోట కోచింగు తీసుకున్న పేట మనది. పక్కనే అశోక్‌నగర్. అక్కడ తప్పు జవాబుకు మూడో వంతు కోసే సివిల్స్ ప్రిలిమ్స్‌కు తపస్సు చేస్తుంటారు. అర మార్కులో పోయిన ఉద్యోగం కథ చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర ఎవరిని కదిపినా చెబుతారు. కీ పేపరులో అర మార్కు తేడా వస్తే కోర్టు మెట్లెక్కుతాం. అదే అర చదరంగం బల్ల మీద దొరికితే మాత్రం చిల్లర!

చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు గుకేశ్ సంగతి చూడండి. 2024 ఏప్రిల్‌లో, ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే టొరంటో క్యాండిడేట్స్ టోర్నీ నాటికి అతనికి 17 ఏళ్లు. 14 ఆటల్లో 5 గెలిచి, 1 ఓడి, 8 డ్రా చేశాడు. మన లెక్కన ఎనిమిది సబ్జెక్టులు పోయాయి. ఆఖరి రౌండులో నల్లపావులతో నకమురాను నిలువరించాడు. అదీ డ్రానే. అదే రౌండులో అతని పోటీదారులు కరువానా, నెపోమ్నియాషి 109 ఎత్తులు కొట్టుకున్న ఆట కూడా డ్రానే. మొదటి డ్రా గుకేశ్‌ను గట్టెక్కించింది, రెండోది ఆ ఇద్దరినీ ముంచింది. అతనికి 9, వెనకున్న ముగ్గురికీ ఎనిమిదిన్నర. తేడా మనం చీదరించుకునే ఆ అరే! డిసెంబరులో సింగపూర్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌తో 14 ఆటల్లో 9 డ్రాలు చేసి, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియనయ్యాడు. మన వీధిలో పుట్టుంటే తొమ్మిదిసార్లు ఓదార్చి, బైపీసీలో చేర్పించేవాళ్లం.

దీనికి నాకు తోచిన మందు ఒకటే. డ్రాకూ ఒక కోచింగ్ సెంటర్ తెరవాలి. పొద్దున ఐదింటికి స్పెషల్ బ్యాచ్, వారం వారం టెస్టు, కటాఫ్ అర పాయింటు. ఫీజు కట్టిన మర్నాటి నుంచి డ్రా విలువ మనకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.